కొట్లు పడగొట్టుకున్న రైతు

చదువవలసిన భాగము: లూకా సువిశేషము 12:13-34



నేనొక పల్లెటూరి విచారణకు కొత్తగా వెళ్ళిన రోజులవి. ఒక ఆదివారము దివ్యపూజ ముగిశాక నలభై ఏళ్ళ రైతు ఒకాయన గుడి పక్క గుమ్మము దగ్గర నిలబడి ఉన్నాడు. అందరూ వెళ్ళేదాకా ఆగి, దగ్గరకు వచ్చి, "ఫాదర్ గారూ, మా అన్నతో మీరొక్క మాట చెప్పండి. మీ మాటయితే కాదనడు" అన్నాడు. సంగతేమిటంటే, తండ్రి పోయిన తరువాత అన్నదమ్ములిద్దరూ పొలము పంచుకున్నారు. మధ్యలో ఒక గట్టు మిగిలింది. గట్టుమీద రెండు తాడిచెట్లు. ఆ గట్టు నాదంటే నాదని పదకొండేళ్ళుగా మాటలు లేవు. ఇద్దరూ ప్రతి ఆదివారము పూజకు వస్తారు. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. ఇద్దరూ దివ్యసత్ప్రసాదము లోకొంటారు.

సరిగ్గా ఇదే మాట ఒకడు యేసు ప్రభువును అడిగాడు. లూకా సువిశేషము 12వ అధ్యాయము, 13వ వచనము తీసి చూడండి. ప్రభువు వేలాదిమంది నడుమ నిలబడి, శరీరాన్ని చంపేవారికి భయపడవద్దని, ఒక్క పిచ్చుకను కూడ దేవుడు మరువడని బోధిస్తున్నారు. అంతటి బోధ జరుగుతూ ఉండగా, ఆ గుంపులో ఒకడు తన ఆస్తి గొడవ ముందుకు తెచ్చాడు. తండ్రి ఆస్తిలో తన భాగము తనకు పంచి ఇమ్మని తన అన్నదమ్మునితో చెప్పమన్నాడు. అతని చెవికి ప్రభువు బోధ ఎక్కలేదు. మనసులో పొలము తిరుగుతోంది. పూజలో కూర్చుని పంటకు నీళ్ళు ఎవరి వంతో ఆలోచించుకునేవారికి ఈ మనిషి కొత్తవాడేమీ కాదు.

ఆ రోజులలో యూదులకు మతశాస్త్రమే ఆస్తి చట్టము కూడ. జ్యేష్ఠునికి రెండు పాళ్ళు రావాలని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో ఉంది. కాబట్టి బోధకుని దగ్గరకు పంపకము తగవు తీసుకురావడము వింత కాదు. వింతేమిటంటే ప్రభువు ఆ తగవు తీర్చలేదు. తనను మీమీద న్యాయాధిపతిగా ఎవరు నియమించారని తిరిగి అడిగారు. ఆ వెంటనే గుంపువైపు తిరిగి, ఏ విధమైన పేరాశకూ చోటివ్వక జాగ్రత్తగా ఉండమన్నారు. మనిషి బ్రతుకు అతనికున్న ఆస్తి విస్తారములో లేదన్నారు. ఎవరి వాటా న్యాయమో చెప్పలేదు. ఇద్దరి లోపలా ఉన్న జబ్బు పేరు మాత్రము చెప్పారు.

నాకు అంత తెలివి లేకపోయింది. నేను టేపు పట్టుకుని పొలానికి వెళ్ళాను. సర్వేయరును పిలిపించాను. ఇద్దరినీ గట్టుమీద నిలబెట్టి గట్టును చెరి సగము చేశాను, చెట్టుకొకటి చొప్పున చెట్లూ పంచాను. పెద్ద ఘనకార్యము చేశానని ఆ రాత్రి సంతోషముగా నిద్రపోయాను. నెల తిరగకముందే అన్న నాతో మాట్లాడడము మానేశాడు. తమ్ముడు అంతకు ముందే మానేశాడు. వాళ్ళ తల్లి అప్పటికి డెబ్బై దాటిన మనిషి. ఆరు నెలలు ఆ ఇంట్లో, ఆరు నెలలు ఈ ఇంట్లో వంతుల మీద తినేది. ఆమె ఒకనాడు నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అన్నీ పంచుకున్నారు ఫాదర్ గారూ. నన్నొక్కదాన్నే ఎట్లా పంచుకోవాలో వాళ్ళకు తెలియక, వంతులు వేసుకున్నారు."

ఆ తల్లి మాట విన్న తరువాతనే, ప్రభువు ఆ గుంపుకు చెప్పిన ఉపమానము నేను సరిగా చదివాను. మీకందరికీ అది తెలుసు. సామాన్యకాలము 18వ ఆదివారమున, మూడేళ్ళకొకసారి 'సి' సంవత్సరములో ఆ భాగము చదువుతారు. ఒక ధనవంతుని భూమి బాగా పండింది. పంట పెట్టుకోను చోటు చాలలేదు. ఉన్న కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకుంటాను, ధాన్యమంతా అందులో నింపుకుని, ఏళ్ళ తరబడి తిని త్రాగి సుఖముగా ఉంటాను అనుకున్నాడు. ఆ రాత్రే దేవుడు అతనిని పిచ్చివాడా అని పిలిచాడు.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగి ఆలోచించండి. ఈ మనిషి చేసిన పాపమేమిటి? అతడు ఎవరినీ మోసము చేసినట్లు ప్రభువు చెప్పలేదు. తూకములో దగా చేయలేదు. గట్టు జరపలేదు. కూలీలకు కూలి ఎగ్గొట్టినట్లు లేదు. అధిక వడ్డీకి అప్పులిచ్చినట్లు లేదు. మన ఊళ్ళో అయితే అతడిని పెద్దరైతు అని, బుద్ధిమంతుడని, పొదుపరి అని మెచ్చుకునేవారము. గుడి పైకప్పు వేయించడానికి విరాళము కోసము మొట్టమొదట అతని గుమ్మమే ఎక్కేవారము. అటువంటి మనిషిని దేవుడు పిచ్చివాడన్నాడంటే, తప్పు ఎక్కడుందో వెదకాలి.

అతని మాటలు వినండి. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణము. ఇన్ని 'నా'ల నడుమ మరొక మనిషి పేరు ఒక్కటి కూడ రాదు. భార్య లేదు, బిడ్డలు లేరు, కోత కోసిన కూలీలు లేరు. పంటనిచ్చిన దేవుని తలపు అసలే లేదు. ఏమి చేయాలి అని అడుగుకున్నాడు. ఎవరిని అడిగాడు? తననే అడుగుకున్నాడు. జవాబెవరు చెప్పారు? తానే చెప్పుకున్నాడు. పొలము పండితే మన పాత రోజుల్లో కళ్ళము దగ్గర ఎంత సందడి ఉండేదో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ధాన్యము గాదెకు చేరకముందే చాకలికి, మంగలికి, కమ్మరికి, కుమ్మరికి మేర కొలిచేవారు. ఆ పద్ధతిలో ఉన్న హెచ్చుతగ్గులు, అవమానాలు నేను మరచిపోలేదు. అది తిరిగి రావాలని నేననడము లేదు. అయినా ఆ కళ్ళములో మరొకరి చేట, మరొకరి గంప ఉండేది. ఈ ధనవంతుని కళ్ళములో అతనొక్కడే ఉన్నాడు.

ప్రభువు చెప్పిన ఈ కథకు వెనుక సీరా జ్ఞానగ్రంథము ఉంది. మన కతోలిక పవిత్ర గ్రంథములో ఉండి, మనము అంతగా తెరవని పుస్తకము అది. 11వ అధ్యాయములో, నోరు కట్టుకుని కూడబెట్టి ధనికుడైన వాడొకడు కనిపిస్తాడు. ఇక విశ్రాంతి దొరికింది, నా సొమ్ము నేను తింటాను అంటాడు. దానిని ఇతరులకు వదలి తాను చనిపోయే ఘడియ ఎప్పుడో అతనికి తెలియదు. ప్రభువు ఆ పాత మాటను తీసుకుని అందులో ఒక రాత్రిని, దేవుని స్వరాన్ని చేర్చారు.

ఇంకొక సంగతి గమనించారా? ధనవంతుడు తనతో తాను చెప్పుకున్న మాటలు ఒక ప్రార్థనలాగా ఉన్నాయి. మనము రాత్రి పడుకోబోయే ముందు దేవునికి కృతజ్ఞత చెప్పి, రేపటిని ఆయన చేతిలో పెట్టి, మనశ్శాంతితో నిద్రకు పోతాము. అతడూ అదే చేశాడు. కాని దేవుని స్థానములో కొట్లు ఉన్నాయి. తన ఆత్మకు ధైర్యము చెప్పుకున్నాడు. ఆ ధైర్యము ధాన్యము బస్తాల మీద నిలబడి ఉంది. పునీత పౌలుగారు కొలొస్సీయులకు వ్రాసిన లేఖ 3వ అధ్యాయములో పేరాశను విగ్రహారాధన అన్నారు. అది కొంచెము పెద్ద మాటలాగా తోచవచ్చు. కాని అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు మన మనస్సు ముందుగా దేనిని తడుముకుంటుందో, దేనిని లెక్క పెట్టుకుని తిరిగి నిద్రపోతుందో ఎవరికి వారు చూసుకుంటే, పౌలుగారి మాట అర్థమవుతుంది. అందరికంటె, అన్నిటికంటె ఎక్కువగా దేవుని ప్రేమించమనే మొదటి ఆజ్ఞను మీరటానికి మనము రాతి బొమ్మ చెక్కుకోనక్కరలేదు. బ్యాంకు పుస్తకము చాలు.

దేవుడు ఆ రాత్రి అతనితో అన్న మాటలో, మన తెలుగులో సరిగా వినిపించని ఒక అర్థము ఉంది. నీ ప్రాణము అడుగుతున్నారు అన్నచోట మూలభాషయైన గ్రీకులో ఉన్న క్రియాపదము, ఇచ్చిన అప్పును తిరిగి ఇమ్మని అడగటానికి వాడేది. అంటే ప్రాణము కూడ అతనిది కాదు. అది అరువు సొత్తు. కొట్లలోని ధాన్యము సంగతి అటుంచి, ఆ ధాన్యము తినవలసిన ప్రాణమే అరువుది. అతడు అరువు సొమ్ముతో సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. బాకీ గడువు ఆ రాత్రితో తీరింది.

ఈ సత్యము పాతనిబంధనలో మరింత సూటిగా ఉంది. లేవీయకాండము 25వ అధ్యాయము 23వ వచనములో దేవుడు ఇశ్రాయేలీయులతో, భూమిని శాశ్వతముగా అమ్మరాదు, ఎందుకనగా భూమి తనది, మీరు నా యొద్ద పరదేశులు, కౌలుదారులు అనే అర్థము వచ్చునట్లు చెప్పాడు. కౌలుదారు! ఈ మాటను మన కృష్ణా, గుంటూరు, గోదావరి పల్లెలలో ఎవరికైనా విడమరచి చెప్పాలా? కౌలురైతు దుక్కి దున్నుతాడు, విత్తనము కొంటాడు, ఎరువు వేస్తాడు, రాత్రిళ్ళు నీటికి కాపలా కాస్తాడు. పంట కళ్ళారా చూసుకుని మురిసిపోతాడు. అయినా గట్టుమీద నిలబడినప్పుడు, ఈ నేల నాది కాదన్న ఎరుక ఒక్క క్షణము కూడ అతనిని వదలదు. ఎకరానికి ఇన్ని బస్తాలని ఒప్పుకున్నాడు. అది కొలిచి ఇచ్చిన తరువాతనే మిగిలినది అతనిది.

మన ఇళ్ళల్లో సొంత భూమి ఉన్నవారికి దస్తావేజులు ఉన్నాయి, పాసు పుస్తకాలు ఉన్నాయి. ప్రభుత్వము దృష్టిలో అవి చెల్లుతాయి, చెల్లాలి కూడ. దేవుని దృష్టిలో మాత్రము పాసు పుస్తకము ఉన్నవాడూ, నోటిమాట మీద కౌలు చేసుకునేవాడూ ఒకే వరుసలో నిలబడతారు. ఉద్యోగస్థులకు, వ్యాపారస్థులకు, విదేశాలలో ఉన్న బిడ్డలు పంపే డబ్బుతో గడిచే కుటుంబాలకు కూడ ఇదే లెక్క. మనము సామాన్యముగా వాడే 'గృహనిర్వాహకుడు' అనే మాట సువిశేషములోది, మంచి మాటే. కాని కౌలుదారు అన్నప్పుడు మన రైతు కుటుంబాలకు గుండెలో తగిలినంతగా అది తగలదు.

మరి భూమి యజమాని అడిగిన కౌలు ఎంత? అది తెలుసుకోవాలంటే ధర్మశాస్త్రములో కోత సంగతి చూడాలి. పొలము అంచులదాకా కోయవద్దు, రాలిన కంకులు ఏరుకోవద్దు, అవి పేదలకు, పరదేశులకు వదలిపెట్టమని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపిస్తుంది. మరచిపోయిన పన కోసము వెనుకకు మరలిపోవద్దని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెబుతుంది. దీనినే మనము పరిగె అంటాము. మోవాబు దేశపు విధవరాలు రూతు, బోవజు పొలములో పరిగె ఏరుకునే అత్తను పోషించింది. ఆమె మునిమనుమడే దావీదు రాజు. ఆ వంశములోనే మన రక్షకుడు పుట్టాడు. ఇక్కడ గమనించవలసినది, పరిగె రైతు దయతలచి వేసే భిక్షము కాదు. రూతు చేయి చాపి అడగలేదు, వంగి ఏరుకుంది. అది దేవుడు పేదల పేర వ్రాసి ఉంచిన వాటా. దానిని కూడ ఊడ్చుకుపోయే రైతు ఉదారుడు కాకపోవడము కాదు, కౌలు ఎగ్గొట్టినవాడు అవుతాడు.

అయితే దాచుకోవడమే పాపమా అని మీరడగవచ్చు. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలలో మిర్చి టిక్కీలు పెట్టుకున్న రైతులు ఈ ఉపమానము విన్నప్పుడల్లా నావైపు అదోరకముగా చూస్తారు. ధర లేనప్పుడు సరుకు దాచుకుని ధర వచ్చినప్పుడు అమ్ముకోవడము రైతుకు బ్రతుకు తెరువు. అందులో తప్పేమీ లేదు. ఆదికాండము 41వ అధ్యాయములో యోసేపు ఏడేళ్ళపాటు ఐగుప్తులో ధాన్యము నిలువ చేయించాడు. ఆ కొట్లు ఈ ధనవంతుని కొట్లకంటె ఎన్నో రెట్లు పెద్దవి. దేవుడు అతనిని పిచ్చివాడనలేదు, వివేకి అని చూపించాడు. కరువు వచ్చినప్పుడు ఆ కొట్ల తలుపులు తెరచుకున్నాయి. తనను అమ్మివేసిన అన్నలు కూడ ఆ ధాన్యమే తిన్నారు. బిడ్డల చదువుకు, కూతురి పెండ్లికి, ముసలితనానికి, జబ్బుకు జాగ్రత్త పడటము ధర్మమే. తలుపు ఎటువైపు తెరుచుకుంటుందన్నదే ప్రశ్న.

ఈ ఉపమానమును ఒక గురువు తన ప్రజలకు ఎట్లా బోధించాడో చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన పునీత బసిలువారు. కప్పదోకియ సీమలో, నేటి టర్కీ దేశములోని కైసేరి పట్టణమైన ఆనాటి కైసరియలో, సుమారు క్రీ.శ. 330లో సంపన్న క్రైస్తవ కుటుంబములో పుట్టారు. జనవరి 2న మనము ఆయన పండుగ చేసుకుంటాము. ఆయన ఇంకా మేత్రాణులు కాకముందు, సాధారణ గురువుగా ఉండగా, 368-69 ప్రాంతములో ఆ సీమకు ఘోరమైన కరువు వచ్చింది. వాన చుక్క లేదు, నేల బీటలు వారింది. సముద్రతీర పట్టణాలకైతే ఓడలలో ధాన్యము వస్తుంది. కైసరియ లోతట్టు ప్రాంతము కాబట్టి బయటినుండి ధాన్యము తెచ్చే దారి లేదు. ఉన్న ధాన్యము ఉన్నవారి కొట్లలో ఉంది. ధర ఇంకా పెరుగుతుందని వాళ్ళు తలుపులు బిగించుకున్నారు. గుంటూరు సీమలో 1832-33లో వచ్చిన నందన కరువు కథలు పూర్వులనుండి విన్నవారికి ఈ దృశ్యము ఊహించుకోవడము కష్టము కాదు.

అప్పుడు బసిలువారు ఇదే ఉపమానము తీసుకుని ప్రసంగించారు. ఆ ప్రసంగము నేటికీ ఉంది. అందులో ఒక తండ్రిని ఆయన కళ్ళకు కట్టినట్లు చూపారు. ఇంట్లో గింజ లేక, బిడ్డలలో ఒకరిని అమ్మితే తక్కినవారు బ్రతుకుతారని బజారుకు బయలుదేరిన తండ్రి అతడు. పెద్దవాడినా? చిన్నవాడినా? ఎవరి ముఖము చూసినా కాళ్ళు ఆడవు. అతడు ఏడుస్తూ బేరానికి వస్తే, ధాన్యమున్నవాడు ఆ బేరములో కూడ ధర గీసిగీసి ఆడుతున్నాడు. ఇది ఉపమానము కాదు, ఆ పట్టణములో జరుగుతున్నదే. మరొకచోట బసిలువారు, ముందుగా నాటకశాలకు వచ్చి అందరి కోసమున్న చోటు తనదేనని వెనుక వచ్చినవారిని అడ్డగించే మనిషిని పోలికగా చెప్పారు. మన బస్సులో కిటికీలోనుండి తువాలు వేసి సీటు పట్టుకుని, తల్లులు నిలబడి ఉన్నా కదలని పెద్దమనుషులు నాకు ఆ చోట గుర్తుకు వస్తారు. నీళ్ళు తోడేకొద్దీ బావి బాగుపడుతుందని, తోడకుండా వదిలేస్తే నీరు చెడుతుందని కూడ ఆయన అన్నారు. కరువు మీద చేసిన మరొక ప్రసంగములో, పెద్దలు తమ తమ పనులమీద తిరుగుతూ, ప్రార్థనకు మాత్రము బడి పిల్లలను పంపుతున్నారని నొచ్చుకున్నారు. పదహారు వందల ఏళ్ళు దాటినా ఈ విషయములో మనము పెద్దగా మారలేదు!

మాటలతో సరిపెట్టి ఉంటే ఆయన గొప్ప వక్తగా మిగిలేవారు. ఆయన తన తండ్రి ఆస్తిలో తనకు వచ్చినది పేదల కోసము వెచ్చించారు. ఆయన మిత్రుడు, నాజియాన్జుపుర పునీత గ్రెగోరీవారు చెప్పినదాని ప్రకారము, బసిలువారి మాటలకు ధనవంతుల కొట్లు తెరుచుకున్నాయి. ఆకలితో ఉన్న స్త్రీలను, పురుషులను, పసిబిడ్డలను, వృద్ధులను ఒక్కచోట చేర్చి, పెద్ద పెద్ద కాగులలో పప్పుధాన్యము ఉడికించి, తన పనివారితో కలిసి తానే వడ్డించారు. శిష్యుల కాళ్ళు కడిగిన ప్రభువును అనుకరిస్తూ తువాలు నడుముకు కట్టుకున్నారు. 370లో మేత్రాణులయ్యాక పట్టణము వెలుపల బాటసారులకు వసతి, రోగులకు వైద్యులు, కుష్ఠురోగులకు ఆశ్రయము, పనివారికి పనిశాలలు ఉన్న పెద్ద ధర్మనిలయము కట్టించారు. గ్రెగోరీవారు దానిని ఒక కొత్త పట్టణమే అన్నారు. బసిలువారి పేరుమీదనే ప్రజలు దానిని బసిలియా అని పిలిచారు. బసిలువారు 379 జనవరి 1న, యాభై ఏళ్ళు నిండకముందే కన్నుమూశారు. ఉపమానములోని ధనవంతుడు కట్టాలనుకున్న పెద్ద కొట్టును బసిలువారు కట్టి చూపించారని నాకనిపిస్తుంది.

శ్రీసభ నేటివరకు ఈ బోధనే కొనసాగిస్తోంది. 13వ లియో జగద్గురువులు 1891లో కార్మికుల స్థితిగతులపై వ్రాసిన లేఖలో, మనిషికి సొంత ఆస్తి ఉండే హక్కును గట్టిగా సమర్థించారు. అదే లేఖలో, ఆస్తి కలిగి ఉండటము వేరు, దానిని ఎట్లా వాడాలన్నది వేరు అని స్పష్టము చేశారు. రెండవ వాటికన్ మహాసభ 1965లో, భూమిని అందులోని సమస్తాన్ని దేవుడు మనుష్యులందరి కోసము ఉద్దేశించాడని, తన సొంతమైనవాటిని కూడ మనిషి అందరివిగా ఎంచాలని బోధించింది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశము దీనిని ఏడవ ఆజ్ఞ కింద చేర్చింది. దొంగిలవద్దు అనే ఆజ్ఞ కింద! ఎదుటివాని జేబులో చేయి పెట్టడము ఒక్కటే దొంగతనమని మనము చిన్నప్పుడు జ్ఞానోపదేశములో నేర్చుకున్నాము. ఇతరులకు చెందవలసినది మన జేబులోనే ఉంచుకోవడము సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడికి వచ్చేసరికి, ఇదంతా ధనవంతులకు కదా, అప్పులలో మునిగి ఉన్న మాకెందుకు అని కొందరు పత్రిక పక్కన పెట్టవచ్చు. పెట్టకండి. ఉపమానము ముగించిన వెంటనే ప్రభువు, రేపు ఏమి తినాలి, ఏమి కట్టుకోవాలి అని దిగులుపడే తన బీద శిష్యులవైపు తిరిగారు. కాకులను చూడమన్నారు. వాటికి గాదెలు లేవు, కొట్లు లేవు. ధనవంతుడు పడగొట్టి కట్టాలనుకున్న కొట్టుకు ఏ మాట వాడారో, ఇక్కడా అదే మాట వాడారు. ఉన్నవాడు కొట్లు నింపుకుని దేవుని మరచిపోతాడు. లేనివాడు ఖాళీ కొట్టును చూసి చూసి దేవుని మరచిపోతాడు. లాటరీ టికెట్లు, అధిక లాభము చూపించే చీటీలు, మెడలోని బంగారము తాకట్టు పెట్టి చేసే పెండ్లి విందులు, పక్కింటివారికి తీసిపోకూడదని వేసే పెద్ద పందిళ్ళు, వీటన్నిటి వెనుకా ఆ ధనవంతుని కొట్టే ఉంది. అతడు కట్టాలనుకున్నాడు, మనము మనసులో కట్టుకున్నాము.

గురువులమైన మా సంగతి కూడ చెప్పాలి. నేనొక విచారణలో గుడి మరమ్మతుకు చందాలు పోగు చేస్తూ, ఎక్కువ ఇచ్చినవారి పేర్లు చలువరాతి పలకమీద చెక్కించాను. పలక ఆవిష్కరించిన ఆదివారము, పెద్ద మొత్తమిచ్చిన ఒకాయనను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆ రోజే, రోజు కూలికి వెళ్ళే ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు నా చేతిలో పెట్టింది. నేను జేబులో వేసుకుని, "సరేనమ్మా" అన్నాను. ఆమెకు రసీదు కూడ వ్రాయలేదు. దేవాలయపు కానుకపెట్టె ఎదుట కూర్చుని విధవరాలి రెండు కాసులను లెక్కించిన ప్రభువు ఆ పూట మా గుడి గుమ్మములోనే ఉన్నారు. బంగారు ఉంగరము పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపి, పేదవాడిని నిలబెట్టే సంఘము గురించి పునీత యాకోబుగారు వ్రాసిన లేఖ 2వ అధ్యాయము చదవవలసి వచ్చిన ప్రతిసారీ నాకు ఆ పలక గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాము. ఈ వారములో ఒక సాయంత్రము కుటుంబ జపమాల అయిన తరువాత, ఈ భాగమును ఎవరైనా ఒకరు గట్టిగా చదవండి. తరువాత మీ జమాఖర్చుల పుస్తకము తెచ్చి మధ్యన పెట్టండి. పుస్తకము వ్రాసే అలవాటు లేని ఇళ్ళల్లో పోయిన నెల ఖర్చులను నోటితో చెప్పుకున్నా సరిపోతుంది. కొన్ని ఇళ్ళల్లో భర్తకు ఎంత అప్పు ఉందో భార్యకు తెలియదు. కొన్ని ఇళ్ళల్లో భార్య ఏ చీటీ కడుతోందో భర్తకు తెలియదు. బిడ్డలకైతే ఏదీ తెలియదు. ఆ ధనవంతుడు ఎవరినీ అడగకుండా అన్నీ తానే తేల్చుకున్నాడని మరచిపోవద్దు. కాబట్టి అందరూ మాట్లాడాలి. మన ఖర్చులో మన ఇంటి మనిషి కాని వారి పేరు ఎక్కడైనా ఉందా? మన పొలములో, మన ఇంట్లో పని చేసేవారి కూలి సకాలములో అందిందా? మనము ఎవరికైనా అప్పిచ్చి ఉంటే, ఆ వడ్డీ వాళ్ళ ఇంట్లో పొయ్యి ఆర్పుతోందా? అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో ఏ గట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి? పూజలో శాంతి సమాధానము చెప్పుకునేటప్పుడు మన చేతులు ఎవరివైపు వెళ్ళకుండా ఆగుతున్నాయి? ఈ ప్రశ్నలకు ఒక్క సాయంత్రములో జవాబు రాకపోవచ్చు. కోపాలు కూడ రావచ్చు. వస్తే రానివ్వండి. గడుగడునా మౌనముగా ఉండిపోవడముకంటె అది మేలు.

నేను ఎరిగిన ఒక మిర్చి రైతు కుటుంబము ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. సొంతము రెండెకరాలు, కౌలుకు మరో మూడు. ఏటా కాయలు ఎండి టిక్కీలు తొక్కేటప్పుడు, కళ్ళములోనే ఒక టిక్కీమీద సిలువ గుర్తు వేసి పక్కన పెడతారు. దాని ఖరీదు వాళ్ళ చేనికి మిరపకోతకు వచ్చే ఒక విధవరాలి కూతురి చదువుకు పోతుంది. ఎప్పుడు మొదలుపెట్టారో వాళ్ళకే సరిగా గుర్తు లేదు. 2025లో మిర్చి ధర ఎట్లా పడిపోయిందో రైతులకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఏడు టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. పురుగుమందుల కొట్టువాడు బాకీ కోసము ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. భర్త ఒక రాత్రి, "ఈ సంవత్సరానికి ఆ సిలువ టిక్కీ కూడ మనమే వాడుకుందాం. దేవుడికి మన సంగతి తెలియదా" అన్నాడట. భార్య అన్నము వడ్డిస్తూ, "బాండు మన పేరున ఉన్నంత మాత్రాన అది మనదయిందా?" అందట. అంతకు మించి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

ఇది నాకు ఆ రైతే, తల గోక్కుంటూ, కొంచెము సిగ్గుపడుతూ చెప్పాడు. జూన్‌లో బడులు తెరిచే ముందు సరుకు బయటికి తీసినప్పుడు, ధర ఇంకా లేవలేదు. తన టిక్కీలు మరికొంత కాలము ఉండనిచ్చాడు. సిలువ గుర్తున్నది మాత్రము ముందుగా కాటా వేయించాడు.